కార్బన్ కాపీలో జలాంతర్గామి

జూన్ 8, ఆదివారం

మేం ఇంట్లో తయారుచేస్తున్న సముద్రయుద్ధం బోర్డు ఆట ఈరోజు నాలుగోసారి ఆడాం. నాలుగోసారి కూడా జలాంతర్గామి గంట తిరక్కుండానే పోయింది. మునగడం దాని వృత్తే కానీ, ఇలా కాదు.

బోర్డు సంగతి ముందు రాసి పెట్టుకుంటాను, లేకపోతే మర్చిపోతాను. చెన్నై నుంచి పారాదీప్ దాకా బంగాళాఖాతం. పడమటి అంచున తీరం, మిగతాదంతా నీళ్ళు. ఏ1 కాగితం మీద ఆరు మూలల గడులు, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్లు. గడి అంటే 20 నాటికల్ మైళ్ళు, వంతు అంటే 4 గంటలు. ఈ రెండు అంకెలూ ఊరికే పెట్టలేదు. 5 నాట్ల వేగంతో (నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పోయే ఓడ వంతుకి సరిగ్గా ఒక గడి కదులుతుంది. 10 నాట్లయితే రెండు, 20 అయితే నాలుగు. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. విశాఖ నుంచి మన గోపాల్‌పూర్ ఆరున్నర గడులు, పారాదీప్ పన్నెండు, చెన్నై పదహారు. పైగా ఓడలో డ్యూటీ కూడా నాలుగేసి గంటలే అని బాబాయ్ చెప్పాడు. ఆయన నేవీలో నావికుడిగా పనిచేసి రిటైరయ్యాడు. చిలికా పక్కనున్న ఐఎన్ఎస్ చిల్కాలో ట్రైనింగు, తర్వాత చాలా ఏళ్ళు విశాఖలో. మా ప్రాజెక్టులో నీళ్ళ వాసన తెలిసిన మనిషి ఆయనొక్కడే.

నాకు బరంపురంలో చిన్న ప్రెస్సుంది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, ఠాకురాణీ జాతర కరపత్రాలు, తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. మూఢం, ఆషాఢం కలిసొచ్చాయంటే శుభలేఖల పని ఆగిపోతుంది. అందుకే ఈ ఆట మొదలైంది. ఆడేవాళ్ళు: బాబాయ్, నా బామ్మర్ది, పెద్దమ్మాయి, ప్రెస్సులో పనిచేసే ఒడియా కుర్రాడు. వాడికి రూల్సు చెబుతుంటే జలాంతర్గామి అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఒడియాలో 'బుడాజహాజ్' అంటారట. బుడుంగున మునిగే జహాజు! మనకీ వెంటనే అర్థమైపోతుంది. ఇకనుంచి మా బోర్డు మీద దాని పేరు బుడా. రూల్సు పుస్తకంలో మాత్రం జలాంతర్గామి అనే వేస్తాను, లేకపోతే బాబాయ్ ఊరుకోడు.

సమస్య ఏమిటంటే, బుడా బిళ్ళ అందరికీ కనిపిస్తోంది. "మునిగింది" అని బిళ్ళని బోర్లా తిప్పితే సరిపోతుందనుకున్నాం. బోర్లా తిప్పినా ఏ గడిలో ఉందో కనిపిస్తూనే ఉంటుంది కదా. రెండు డిస్ట్రాయర్లు నేరుగా వచ్చి నెత్తిమీద నిలబడి పాచికలు వేస్తున్నాయి. దెబ్బ బలం 2 నుంచి 3కి, 3 నుంచి 4కి పెంచి చూశాను. చచ్చేముందు ఒక ఓడని తీసుకుపోతోంది, అంతే. పులి-మేక ఆటలో మూడు పులులు పదిహేను మేకల మధ్య అందరికీ కనిపిస్తూ తిరిగినా ఆట సాగుతుంది, ఎందుకంటే పులికి మేకలంటే భయం లేదు. ఇక్కడ పులి ఎలుకంత. దానికున్న ఏకైక బలం కనపడకపోవడం, అదే మేం లాగేసుకున్నాం.

జూన్ 10

దొంగ బిళ్ళలు ప్రయత్నించాం. నాలుగు బోర్లా బిళ్ళలు, ఒకటే నిజం. రెండు వంతుల్లో బాబాయ్ పట్టేశాడు. దొంగ బిళ్ళలకి భయం ఉండదు కాబట్టి బామ్మర్ది వాటిని ఇష్టమొచ్చినట్టు పరిగెత్తిస్తున్నాడు, నిజమైనదాన్ని మాత్రం గుడ్డు మోసినట్టు జరుపుతున్నాడు. వేలు చూస్తే చాలు, బిళ్ళ చూడక్కర్లేదు.

రేపటినుంచి రాతపద్ధతి. బుడా బోర్డు మీద ఉండదు. ఆడేవాడు కాగితం మీద ప్రతి వంతుకీ గడి నంబరు రాసుకుంటాడు.

జూన్ 12, గురువారం

గోపాల్‌పూర్ నుంచి మామ వచ్చాడు. మామ అంటే వరసకి. వాడబలిజవాళ్ళు, ఇంట్లో తెలుగే, బయట అందరూ నోళియాలంటారు. విశాఖ హార్బర్లో మరబోటు మీద పనిచేస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఇంటి దగ్గరున్నాడు, ఎల్లుండి వెళ్ళిపోతాడు.

బోర్డు చూసి మొదటి మాట: "నీళ్ళు కదలవేటి బాబూ మీ సముద్రంలో?"

నిజమే. మా సముద్రం కాగితంలా చదునుగా, కదలకుండా ఉంది. మామ లెక్క ఇది: శివరాత్రి దాటాక నీరు ఉత్తరానికి లాగుతుంది, దీపావళి దాటాక దక్షిణానికి. వల వేసి పడుకుంటే పొద్దుటికి బోటు ఎక్కడ తేలుతుందో దాన్నిబట్టి చెబుతాడు. నేను చూసిన సముద్రశాస్త్రం పాఠాల్లో కూడా అదే ఉంది. తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిక్కు మారుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈశాన్యానికి గట్టిగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి. వేగం ఒక నాటు అనుకుంటే ఆరు వంతుల రోజుకి 24 మైళ్ళు, అంటే దాదాపు ఒక గడి. రూలు సులువుగా వచ్చింది: తీరం పక్క రెండు వరసల్లో, మోటారు ఆపి నిశ్శబ్దంగా ఉన్న ఏ ఓడైనా, బుడా అయినా, రోజు చివర ఒక గడి ప్రవాహం దిక్కుకి జరగాలి. మా ప్రధాన ఆట డిసెంబరులో కాబట్టి దక్షిణానికి.

మామ చెప్పిన రెండో సంగతి ఇంకా పనికొచ్చింది. వానాకాలం తర్వాత పై నీళ్ళు తియ్యబడతాయి, కింద ఉప్పు అలాగే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ వచ్చి ఈ ఖాతంలోనే పడతాయి మరి. తేలిక నీళ్ళు పైన, బరువు నీళ్ళు కింద, తొందరగా కలవవు. నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది కానీ వేడి, ఉప్పు, ఒత్తిడి మారినచోట వంగిపోతుంది. పైనుంచి సోనార్ (శబ్దంతో నీటి కింద వెతికే పరికరం) పంపిన శబ్దం ఆ పొర దగ్గర వంగితే కిందున్నదానికి నీడ దొరికినట్టే. మడుగులో దుర్యోధనుడు దాక్కున్నట్టు. అందుకని ఆగస్టు నుంచి డిసెంబరు దాకా జరిగే ఆటల్లో నదీముఖాల ముందు గడులకి 'పొర' గుర్తు. అక్కడ వెతికితే పాచిక ఒకటి తక్కువ.

పొర గడులు నీలంలోనే కొంచెం ముదురు రంగు. ప్రింటు తీస్తే తేడా తెలియడం లేదు. చుక్కలు పెట్టాలి.

జూన్ 15, ఆదివారం

గొడవ.

బామ్మర్ది బుడా నడిపాడు. తొమ్మిదో వంతులో విశాఖ ముందు తేలి, సరుకు ఓడని కొట్టి మాయమయ్యాడు. బాబాయ్‌కి అనుమానం వచ్చి ఆట అయ్యాక కాగితం అడిగాడు. చూస్తే ఆరో వంతుకీ ఏడో వంతుకీ మధ్య మూడు గడులు దూకింది. నీటి కింద! "తొందర్లో తప్పు రాశాను బావా" అంటాడు. కావచ్చు. కానీ ఆరో గడి తప్పా, ఏడో గడి తప్పా ఎవడు తేలుస్తాడు? బాబాయ్ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రెస్సు తాళం వేస్తుంటే, బైండింగుకి ఉన్న బిల్లు బుక్కుల కట్ట కనపడింది. మొదటి కాపీ పార్టీకి, రెండో కాపీ పుస్తకంలో. ఇంత చిన్న సంగతి నాకు తట్టకపోతే ఇరవై ఏళ్ళ వ్యాపారం దేనికి?

జూన్ 17

కార్బన్ కాపీ లాగ్ బుక్కు తయారు. ఒక్కో చీటీలో వంతు నంబరు (మెషిన్ నంబరింగే, 001 నుంచి), గడి నంబరు, వేగం, లోతు, బ్యాటరీ, ఐదు గళ్ళు. కింద కార్బన్, దాని కింద రెండో కాపీ. ప్రతి వంతూ అయ్యాక రెండో కాపీని చింపి, నాలుగు మడతలు పెట్టి అవతలివాళ్ళ డబ్బాలో వెయ్యాలి. డబ్బాకి చిన్న తాళం. ఆట అయ్యాక తెరిచి వరసగా పెడితే బుడా దారంతా బయటపడుతుంది. దిద్దుబాట్లు ఉండవు, దిద్దితే కార్బన్‌లో కనిపిస్తుంది.

బాబాయ్‌కి పంపాను. "ఇది పనికొస్తుందిరా" అన్నాడు. ఆయన నోటివెంట అది పెద్ద మెచ్చుకోలు.

జూన్ 19

కదలిక రూలు తిరగరాశాను. ఇదివరకు బుడాకి "వంతుకి రెండు గడులు" అని ఒకే అంకె ఉండేది. అసలు తప్పు అక్కడే ఉంది.

డీజిల్ జలాంతర్గామికి రెండు బతుకులున్నాయి. నీటి పైన డీజిల్ ఇంజన్లు, కింద బ్యాటరీ. 1971 యుద్ధంలో విశాఖ ముందుకొచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అమెరికా కట్టిన టెంచ్ తరగతి ఓడ, పాత పేరు డయాబ్లో. ఆ తరగతి లెక్కలు: పైన 20 నాట్లు, కింద గరిష్ఠంగా 8.75. కానీ ఆ 8.75 తో పోతే బ్యాటరీ గంట ప్రాంతంలోనే ఖాళీ. 2 నాట్లతో పాకితే 48 గంటలు. రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ 7సీ (VIIC) రకం కూడా అంతే: పైన 17.7 నాట్లు, కింద 4 నాట్లతో 80 మైళ్ళు, ఆపైన తేలాల్సిందే.

48 గంటలంటే మా లెక్కలో 12 వంతులు. కాబట్టి బ్యాటరీకి 12 గింజలు (చింతగింజలు, సగం తెల్లగా గీకినవి, ఇంట్లో ఉన్నవే). నిశ్శబ్దంగా పాకితే వంతుకి ఒక గింజ, రెండు వంతులకి ఒక గడి. 5 నాట్లతో నడిస్తే వంతుకి ఒక గడి, ఆరు గింజలు. వేగం పెరిగితే ఖర్చు దాని ఘనంలో పెరుగుతుంది, ఆ లెక్కన పదిహేను రావాలి. కానీ 2 నాట్ల దగ్గర ఖర్చులో మోటారు ఒక్కటే లేదు, లైట్లు, పంపులు, గాలి అన్నీ ఉన్నాయి. వాటికి వేగంతో పనిలేదు. అందుకే ఆరు. పుస్తకం లెక్క కాదు, నా అంచనా. ఆటలో మాత్రం బాగా కూర్చుంది: రెండు వంతులు నడిచావో, బుడా చచ్చిన చేప.

తీరం దగ్గర లోతులేని గడుల్లో అడుగున కూర్చుంటే ఖర్చు సగం. శ్వాసగొట్టం పైకి పెట్టి డీజిల్ నడిపితే వంతుకి నాలుగు గింజలు తిరిగొస్తాయి, కానీ ఆ వంతులో పక్క గడివాళ్ళకి కూడా చప్పుడు వినిపిస్తుంది.

అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇక ఇది ఎవర్నైనా వెంటాడి ఎలా కొడుతుంది?" కొట్టదు. సరుకు ఓడ 10 నాట్లతో పోతుంటే నీటి కింద 5 నాట్లది ఎలా అందుకుంటుంది? ముందే వెళ్ళి దారిలో కాపు కాయాలి. దాంతో ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రూలు పుట్టింది, ఒక్క వాక్యం: మునిగి ఉన్న బుడా ఓడ ఉన్న గడిలోకి వెళ్ళి దాడి చెయ్యలేదు, ఓడే బుడా గడిలోకి రావాలి.

ఒక పేజీ పట్టిక కొట్టేశాను.

జూన్ 22, ఆదివారం

ఇప్పుడు వెతకడం. గడి 20 మైళ్ళు, పాతకాలపు సోనార్‌కి మన వేడి నీళ్ళలో వినిపించేది మైలు, రెండు మైళ్ళు. కాబట్టి "ఒకే గడిలో ఉంటే దొరికినట్టే" అన్న మా పాత రూలు పచ్చి అబద్ధం.

లెక్క వేశాను. ఓడకి అటు మైలున్నర, ఇటు మైలున్నర వినిపిస్తే వెడల్పు 3 మైళ్ళు. 10 నాట్లతో 4 గంటలు గాలిస్తే 40 మైళ్ళ పొడవు. అంటే 120 చదరపు మైళ్ళు ఊడ్చినట్టు. ఆరు మూలల గడి, ఎదురెదురు భుజాల మధ్య 20 మైళ్ళు ఉంటే, విస్తీర్ణం సుమారు 346 చదరపు మైళ్ళు. 120ని 346తో భాగిస్తే దాదాపు 35 శాతం. పాచిక మీద ఐదో ఆరో పడటం 33 శాతం! ఇంత చక్కగా కలుస్తుందని నేననుకోలేదు. రూలు: 10 నాట్లు దాటకుండా గాలించే ఓడకి 5 లేదా 6 పడితే జాడ దొరుకుతుంది. 20 నాట్లతో పరిగెత్తే ఓడకి సొంత నీళ్ళ హోరే వినపడుతుంది, పాచిక లేదు.

మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఉన్న వంతులో 6 ఒక్కటే చెల్లుతుంది. భోంచేసి కునికిపాట్లు పడతారని కాదు. ఎండకి పైనీళ్ళు వేడెక్కి శబ్దం కిందికి వంగిపోతుంది. 1930ల్లో అమెరికా నేవీవాళ్ళు ఇది గమనించి మధ్యాహ్నపు ప్రభావం అని పేరే పెట్టారు.

కేక వెయ్యడం కూడా ఉంది, అంటే సోనార్‌తో టింగుమనిపించడం. దానికి పాచికలో ఒకటి కలుస్తుంది, కానీ ఆ శబ్దం బుడాకి చాలా దూరం నుంచే వినిపిస్తుంది. మనకి ప్రతిధ్వని రావాలంటే శబ్దం వెళ్ళి తిరిగి రావాలి, వాడికి ఒక వైపు వస్తే చాలు. చీకట్లో టార్చి వేసి దొంగని వెతికినట్టు. అందుకే కేక వేసిన ఓడ ఏ గడిలో ఉన్నా గట్టిగా చెప్పాలి.

జూన్ 27, రథయాత్ర

ప్రెస్సు సెలవు. పొద్దున్నే రథం చూసి వచ్చాం, మధ్యాహ్నం వాన.

బాబాయ్ నేవీలో ఉన్నప్పుడు విన్న మాట ఒకటుంది, 'డేటమ్'. జలాంతర్గామి చివరిసారి కచ్చితంగా ఎక్కడుందో ఆ చోటు. అక్కడినుంచి గడియారం మొదలవుతుంది. ఎంత సేపైతే వృత్తం అంత పెద్దది. మా ఆటలో దాన్ని 'జాడ బిళ్ళ' అన్నాం. టార్పెడో వేసినా, శ్వాసగొట్టం పెట్టినా, సోనార్‌కి చిక్కినా అక్కడ జాడ బిళ్ళ పడుతుంది. వంతు వంతుకీ ఆ బిళ్ళ ముసలిదవుతుంది.

ఎన్ని గడులు వెతకాలో నేను బోర్డు మీద వేలుతో లెక్కపెడుతున్నాను. ఒక్క వంతు ముసలిదైతే 7 గడులు, రెండైతే 19, మూడైతే... మా ఆవిడ పప్పు చెరుగుతూ అటునుంచి, "ముప్పై ఏడు" అంది.

"నీకెలా తెలుసు?"

"ఏడు చుక్కలు, నాలుగు దాకా, సందు చుక్క. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఆరు, ఐదు, నాలుగు. కలపండి."

37. మరి నాలుగు వంతులకి? "తొమ్మిది చుక్కలు, ఐదు దాకా. అరవై ఒకటి." చేట పక్కన పెట్టి ముగ్గు గిన్నె తెచ్చి వసారాలో ఎర్ర గచ్చు మీద చుక్కలు పెట్టేసింది. మూడు వారాలుగా నేను సాఫ్ట్‌వేర్లో కొలిచి గీస్తున్న ఆరు మూలల గడులు సంక్రాంతి నెలంతా మా గుమ్మం ముందే ఉన్నాయన్నమాట. ఎదురు చుక్కలైతే నాలుగు మూలల గడులు, సందు చుక్కలైతే ఆరు మూలలవి. సూత్రం రాస్తే మూడు ఇంటూ ఎన్ ఇంటూ (ఎన్ ప్లస్ ఒకటి), దానికి ఒకటి కలపాలి; ఎన్ అంటే ఎన్ని వంతులో అది. ఆవిడకి సూత్రంతో పనిలేదు.

గాలించే ఓడలు మూడు, వంతుకి మూడు గడులు. జాడ బిళ్ళ పడిన తర్వాతి వంతులోనే చేరితే వెతకాల్సింది ఏడు. నాలుగు వంతులు ఆలస్యమైతే అరవై ఒకటి. బాబాయ్ ఆ ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదేరా అసలు యుద్ధం" అన్నాడు.

గచ్చు మీద ముగ్గు చూడగానే నాకు లివర్‌పూల్ గుర్తొచ్చింది. 1942 జనవరిలో బ్రిటిష్ నేవీ కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ అక్కడ ఒక గదిలో నేల మీద గళ్ళు వేయించి యుద్ధపు ఆటలు ఆడించాడు. సహాయకులు నేవీలో చేరిన ఆడపిల్లలు. ఓడల అధికారులు గుడ్డ తెరల వెనక నిలబడి చిన్న కంతల్లోంచి చూడాలి. ఓడల దారి తెల్లసుద్దతో, జలాంతర్గామి దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. గోధుమరంగు నేల మీద ఆ ఆకుపచ్చ కంతలోంచి చూసేవాడికి ఆనదు. జర్మన్ జలాంతర్గాములు దూరం నుంచి కాదు, వెనకనుంచి ఓడల గుంపు మధ్యలోకే చొరబడి కొడుతున్నాయని ఆ గదిలోనే తేల్చారు. సుమారు 5000 మంది అధికారులు అక్కడ ఆడి వెళ్ళారు.

మేమూ ఆకుపచ్చ సుద్ద తెచ్చి గీశాం. మా గచ్చు ఎరుపు. తెల్లదానికన్నా ఆకుపచ్చే ఎక్కువ మెరిసిపోయింది. కార్బన్ కాపీయే గతి.

జూలై 6, ఆదివారం

అందరం విశాఖ వెళ్ళొచ్చాం, పొద్దున బండికి వెళ్ళి రాత్రి బండికి తిరిగొచ్చాం. ఇచ్ఛాపురం దాటితే ఆంధ్ర, అయినా మాకు రెండు పక్కలా చుట్టాలే. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం. 1969లో నేవీలో చేరి 2001లో విధులనుంచి తప్పుకున్న ఫాక్స్‌ట్రాట్ తరగతి ఓడ, 2002లో ఇసుకమీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, లోపల మనిషి పక్కకి తిరిగితే తప్ప నడవలేడు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు.

వెనక నాలుగు గొట్టాలు చూసి అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. "అంటే పారిపోతూ కూడా కొట్టొచ్చా?" రూల్సులో లేదు. ఇప్పుడు ఉంది.

ఇంకా ముఖ్యమైనది చెప్పలేని సంగతి. ఆ ఇరుకులో, పైన ఓడ తిరుగుతున్న చప్పుడు వింటూ, చేతులు ముడుచుకుని కూర్చోవడం. మా ఆటలో బుడా ఆడేవాడు నాలుగు వంతులు వరసగా "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని చీటీలు రాస్తుంటే విసుగు అని బామ్మర్ది ఫిర్యాదు. తిరిగొచ్చేటప్పుడు వాడే అన్నాడు, ఆ రూలు మార్చొద్దు బావా అని.

జూలై 13, ఆదివారం

చివరికి పోరాటం రూల్సు. మొదట్లో తొమ్మిది పేజీలుండేవి, వేరే చిన్న బోర్డు కూడా. ఒక దాడికి రెండు గంటలు పట్టేది. ఇప్పుడు అరపేజీ.

బుడా టార్పెడో వేస్తే రెండు పాచికలు, 8 లేదా ఆపైన పడితే దెబ్బ. 36 రకాల్లో 15, సగం కన్నా తక్కువ. తగిలినా తగలకపోయినా జాడ బిళ్ళ పడుతుంది. అదే వంతులో రెండోసారి కూడా వెయ్యొచ్చు. వెనక గొట్టాలతో మూడోది, 10 కావాలి. ఇది ఊహ కాదు. 1971 డిసెంబరు 9న దీవ్ (డయ్యూ) దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ మన రెండు ఫ్రిగేట్ల మీద టార్పెడోలు వేసినప్పుడు మొదటిది కిర్పాన్‌కి తగల్లేదు. తర్వాతది ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయాడు. తర్వాత రోజుల తరబడి వెతికినా హాంగోర్ దొరకలేదు. వృత్తం పెరిగిపోయింది.

బామ్మర్ది ఫ్రిగేట్ బిళ్ళల మీద ఓడల పేర్లు వేద్దామని జాబితా తెచ్చాడు. బాబాయ్ చూసి, పెన్ను తీసుకుని, ఖుక్రీ పేరు కొట్టేశాడు. ఆయన 1971 చూసిన మనిషి కాదు, అప్పటికి చిన్నపిల్లాడు. "ఆ పేరు పాచికల కింద పెట్టకండ్రా." ఇక ఎవరం మాట్లాడలేదు. బిళ్ళల మీద అంకెలే ఉంటాయి.

జాడ దొరికిన బుడా మీద డెప్త్ చార్జీలు (నీళ్ళలోకి దిగి లోతులో పేలే బాంబులు) వేస్తే రెండు పాచికలు: 10 ఆపైన మునక, 7 నుంచి 9 అయితే మూడు గింజలు పోతాయి. కానీ పాచికలు వేటగాడు చూడకూడదు. బుడా ఆడేవాడు గిన్నె కింద వేసుకుని చూసి, రెండే మాటల్లో ఒకటి చెప్పాలి, "నూనె" లేక "ఏమీ లేదు". మునిగినా, దెబ్బ తిన్నా "నూనె". పైగా ఆటలో ఒక్కసారి దెబ్బ తగలకపోయినా "నూనె" అని అబద్ధం చెప్పొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములు కావాలనే నూనె, చెత్త వదిలి చచ్చినట్టు నటించేవి. గిన్నె కింది అంకె కూడా చీటీలో రాయాలి, కార్బన్ ఉంది కదా.

ఘాజీ సంగతే చూడండి. కరాచీలో 1971 నవంబరు 14న బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అండమాన్ వైపుంటే, విశాఖలోనే ఉన్నట్టు దొంగ సందేశాలు నడిపించారు, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ విక్రాంత్ వేషం కట్టింది. డిసెంబరు 3-4 రాత్రి విశాఖ బయట ఘాజీ మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో అని మనం, లోపలి పేలుడో సొంత మందుపాతరో అని వాళ్ళు. ఏది నిజమైనా, ఆ రాత్రి పైన ఉన్నవాళ్ళకి కింద ఏమైందో తెలియదు. తేలిన శకలాలు చూసి, తర్వాత ఈతగాళ్ళు దిగి చూస్తేనే తేలింది. ఆ తెలియకపోవడమే నాకు బోర్డు మీద కావాలి.

జూలై 20, ఆదివారం

పదకొండో ఆట. మా ఆవిడ బుడా ఆడతానంది. బాబాయ్ మూడు ఓడలు.

ఎనిమిది వంతులు ఆవిడ నుంచి చప్పుడు లేదు. చీటీ రాయడం, మడవడం, డబ్బాలో వెయ్యడం, మధ్యలో లేచి పాలు కాచి రావడం. బాబాయ్ పారాదీప్ వైపు గాలిస్తున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. తొమ్మిదో వంతులో సరుకు ఓడ గోపాల్‌పూర్ ముందుకొచ్చింది. "నా గడిలోకి వచ్చిందండీ" అంది ఆవిడ. మొదటి పాచికలు ఐదు. రెండోసారి తొమ్మిది. ఓడ మునిగింది, జాడ బిళ్ళ పడింది.

బాబాయ్‌కి రెండు వంతులు పట్టింది చేరడానికి. 19 గడులు, ఐదు చుక్కలు మూడు దాకా. పన్నెండో వంతులో ఆరు పడి జాడ దొరికింది, డెప్త్ చార్జీలు. ఆవిడ గిన్నె ఎత్తి చూసి, ముఖంలో ఏమీ లేకుండా, "నూనె" అంది.

బాబాయ్ ఓడల్ని విశాఖకి తిప్పేశాడు. డబ్బా తెరిస్తే గిన్నె కింది అంకె నాలుగు. ఆవిడ అప్పటికే పొర గడుల్లో, నిశ్శబ్దంలో, ఇంకా మూడు గింజలు చేతిలో.

"అలాగెలా కుదురుద్ది? నేవీలో ఎవడూ నూనె చూసి ఇంటికెళ్ళడు. శకలాలు ఏరాలి, ఫొటో తియ్యాలి!" సరే, రూలు పెట్టాం: "నూనె" అన్న గడిలో ఓడ ఒక వంతు ఆగితే బుడా నిజం చెప్పాలి. కానీ ఆగిన ఓడ మీద టార్పెడోకి 8 బదులు 6 చాలు. బాబాయ్ ఒప్పుకునే ముందు చాలాసేపు ఆలోచించాడు. ఆగాలా, వెళ్ళాలా అని ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నాడు.

మిగిలిన పని: విమానాలు. పైనుంచి చూసేవాడు వస్తే శ్వాసగొట్టం రూలు తారుమారవుతుంది, 20 మైళ్ళ గడి ఐదు నిమిషాల్లో దాటేస్తాడు. దానికి వేరే నోటు పుస్తకం తెరిచాను. రూల్సు ఆరో ప్రతి మంగళవారం బైండింగుకి, ఆరు సెట్లు, ఒడియాలో మూడు. ఒడియా రూల్సు పుస్తకం మీద బుడాజహాజ్ అని పెద్ద అక్షరాల్లో. కార్బన్ షీట్లు అయిపోయాయి, వందవి ఒక డబ్బా తేవాలి.